మల్లెల వోడ్కా సవర్: పువ్వు విచ్చుకునేదాకా ఆగండి

ఫ్లోరల్ కాక్‌టెయిల్ అనే మాట ఈమధ్య మెనూ కార్డుల్లో, రీల్స్‌లో ఎక్కడ చూసినా కనబడుతోంది. తీరా గ్లాసు చేతికొచ్చాక చూస్తే నీలమో ఊదానో ఒక రంగు, పైన తెల్లటి నురగ, ఆ నురగ మీద ఎండిన గులాబీ రేకొకటి, ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే నిమ్మకాయా చక్కెరా తప్ప ఇంకేం తెలీదు. పువ్వు పేరు పెట్టిన డ్రింకులో పువ్వు వాసన లేకపోతే అది పువ్వుల డ్రింకు ఎలా అవుతుంది? నేను ఈ వ్యాసంలో గట్టిగా చెప్పదలుచుకుంది ఇదే, సవర్ అంటే మందులో నిమ్మరసం, చక్కెర కలిపి ఆడించే డ్రింకు, దాన్ని పువ్వుతో చేసిన ఫ్లోరల్ వోడ్కా సవర్ అంటే వాసన, ఆ వాసనని సీసాలోంచి కాదు పువ్వు దగ్గరే, అదీ పువ్వు ఇచ్చే టైముకి పట్టుకోవాలి, మిగతావన్నీ, అంటే నిమ్మరసం, చక్కెర, నురగ, ఐసు, అన్నీ ఆ వాసనకి దారి ఇచ్చి పక్కకి తప్పుకోవాలి. మనకి ఎండాకాలంలో మల్లెలుండగా ఇది ఇంట్లో చేసుకోవడం బార్‌కి వెళ్ళి తాగడం కన్నా మేలు అని కూడా అంటాను.

ముందు ఆ నీలం రంగు సంగతి తేల్చేద్దాం. అది శంఖుపుష్పం. గోడల మీద పాకే తీగె, మనవాళ్ళు శివుడికి పెట్టే పువ్వు. దాని రేకుల్లో ఆంథోసయనిన్ జాతి రంగులుంటాయి, వేణ్ణీళ్ళలో వేస్తే నీలం దిగుతుంది, నిమ్మరసం తగిలితే ఊదాకి, ఇంకా పులుపు పెరిగితే గులాబీ రంగుకి మారుతుంది, ఇందులో మంత్రం లేదు, స్కూల్లో లిట్మస్ కాగితంతో చేసిందే. అమెరికాలో 2021లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని రసాన్ని తిండిలో వాడే రంగుగా ఒప్పుకుంది, రంగుగా అన్నది గమనించండి. రంగుగా అది చాలా మంచి వస్తువే, నాకు దాని మీద కోపం లేదు, కానీ శంఖుపుష్పానికి చెప్పుకోదగ్గ సువాసన లేదు, దాన్ని వోడ్కాలో వారం నానబెట్టినా వచ్చేది రంగూ కాస్త చిక్కుడు గింజలాంటి పచ్చి రుచీ. మందారం సంగతీ అంతే, రంగు, జిగురు, వాసన సున్నా. ఎండబెట్టిన గోంగూర కాయల తొడిమలు ఐతే పులుపు కూడా ఇస్తాయి గానీ అది పండు రుచి దారిలో పోతుంది, పువ్వు దారిలో కాదు.

రెండో దారి సీసా సిరప్. గులాబీ సిరప్, లావెండర్ సిరప్, ఎల్డర్‌ఫ్లవర్ లిక్యూర్, అంటే తీపి కలిపిన మందు. ఇందులో ఎల్డర్‌ఫ్లవర్‌ది వేరే కథ, అది యూరప్ పొదల్లో పూసే పువ్వు, వాళ్ళ ఇళ్ళల్లో దాని షర్బత్ తరతరాలుగా చేసుకుంటున్నారు, 2007లో సాన్ జెర్మాన్ అనే లిక్యూర్ వచ్చాక ప్రపంచంలో బార్‌లన్నీ దాన్ని అందుకున్నాయి, వాళ్ళ పువ్వు, వాళ్ళ సీజను, వాళ్ళకి అది న్యాయంగానే ఉంటుంది. మన దగ్గర దొరికే గులాబీ సిరప్‌లు చాలావరకు చక్కెర, రంగు, ఎసెన్సు. ఆ ఎసెన్సు ఒకే ఒక్క గట్టి నోటుతో, అంటే ఒకే ఒక్క వాసన స్వరంతో, ముక్కుకి తగులుతుంది, అందుకే ఇంట్లో ఎవరైనా ఫ్లోరల్ డ్రింకు చేసి ఇస్తే తాగినవాళ్ళు మొహమాటపడుతూ "కొంచెం సబ్బు వాసనలాగా ఉంది" అంటారు. వాళ్ళ నాలుక తప్పు కాదు. మనం ఆ వాసనని తిండిలో కన్నా సబ్బులో, తలనూనెలో, అగరొత్తిలో ఎక్కువసార్లు పీల్చి ఉన్నాం, మెదడు దాన్ని ఆ గదిలోనే పెడుతుంది. నిజం పువ్వులో ఆ ఒక్క నోటు చుట్టూ ఇంకా చాలా ఉంటాయి, పచ్చిగా, కాస్త పండులాగా, కాస్త చేదుగా, అవన్నీ కలిసి వస్తే నాలుక సబ్బు అనదు.

ఇక మల్లె దగ్గరికి వద్దాం, ఎందుకంటే వాసన పట్టుకోవడంలో అన్ని పువ్వులూ ఒకటి కావు. గులాబీని కోసిన క్షణం నుంచీ దాని వాసన తగ్గుతూనే ఉంటుంది, అందుకే గులాబీ నూనె తీసేవాళ్ళు తెల్లారకముందే కోసి వెంటనే బట్టీకి ఎక్కిస్తారు. మల్లె అలా కాదు. మధ్యాహ్నం మొగ్గగా కోసిన మల్లె చెట్టు నుంచి విడిపోయాక కూడా బతికే ఉంటుంది, సాయంత్రం దాటాక విచ్చుకుంటుంది, విచ్చుకున్నాక గంటల తరబడి వాసన తయారు చేస్తూ గాల్లోకి వదులుతూనే ఉంటుంది. మొగ్గలో ఆ వాసన చాలావరకు చక్కెరతో ముడిపడి ఉంటుంది, వాసన లేని రూపంలో, విచ్చుకునేటప్పుడు ఆ ముడి తెగి బయటికొస్తుంది. మనింట్లో ఎవరైనా సాయంత్రం కొన్న మొగ్గల దండ తల్లో పెట్టుకుంటే అప్పుడు అంతంతమాత్రంగా ఉండి, రాత్రి భోజనాల వేళకి గదంతా నిండిపోవడం అందరికీ తెలిసిందే కదా, అదంతా ఈ పనే.

ఈ ఒక్క గుణం మీదే ప్రపంచంలో మూడు నాలుగు చోట్ల పెద్ద పెద్ద విద్యలు పుట్టాయి. ఫ్రాన్స్‌లో గ్రాస్ ఊళ్ళో గాజు పలకల మీద శుద్ధి చేసిన కొవ్వు పూసి దాని మీద జాజిపూలు పరిచి, రోజూ వాడినవి తీసి కొత్తవి వేస్తూ ఆ కొవ్వుకి వాసన పట్టించేవాళ్ళు. మన ఉత్తరప్రదేశ్‌లో జౌన్‌పూర్, కనౌజ్ వైపు నువ్వుల పొరా పువ్వుల పొరా మార్చి మార్చి పరిచి, నువ్వులు వాసన పీల్చుకున్నాక వాటిని గానుగ ఆడితే సువాసన నూనె. చైనాలో ఫూజౌలో టీ ఆకుతో ఇదే పని, సాయంత్రం మొగ్గలు తెచ్చి రాత్రి విచ్చుకునే వేళకి టీ ఆకులో కలిపి పొద్దున పువ్వులు ఏరేస్తారు, మంచి టీకైతే ఇలా రాత్రి తర్వాత రాత్రి చేస్తారు, ఆ పద్ధతిని 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. థాయ్‌లాండ్‌లో ఇంకా తేలిక, మూతున్న గిన్నెలో నీళ్ళు పోసి సాయంత్రం మల్లెలు తేలేసి మూత పెడతారు, పొద్దున తీసేస్తారు, ఆ నీళ్ళతో మిఠాయిలు చేస్తారు. వీటన్నిట్లో ఎక్కడా పువ్వుని ఉడకబెట్టలేదు, నలపలేదు, బతికున్న పువ్వు తనంతట తాను ఇచ్చింది తీసుకున్నారు.

ఇప్పుడు మన ఇన్‌ఫ్యూజన్, అంటే మందులో పువ్వులు నానబెట్టే, వీడియోల్లో ఏం చూపిస్తున్నారో చూడండి. సాయంత్రం నాలుగింటికి తెచ్చిన మొగ్గల్ని అప్పుడే వోడ్కాలో పోసి, మూడు రోజులు చీకట్లో పెట్టండి అంటారు. వోడ్కాలో పడ్డ మొగ్గ ఆ నిమిషమే చచ్చిపోతుంది, ఇక విచ్చుకోదు, ఇక వాసన తయారు చెయ్యదు. మూడు రోజులు నానితే వచ్చేది పచ్చి ఆకు రుచి, తొడిమ చేదు, గోధుమ రంగు తిరిగిన రేకుల బరువైన వాసన. పొద్దున్నే తల్లోంచి తీసిన వాడిపోయిన దండ వాసన ఒకటుంటుంది చూడండి, అదే, ఇండోల్ అనే పదార్థం మిగతావాటిని మించిపోయిన వాసన. తాజా మల్లెలో కూడా ఇండోల్ ఉంటుంది, కొంచెం ఉంటేనే మల్లె మల్లెలా ఉంటుంది, మల్లెలోని మరో రెండు వాసన పదార్థాలు, బెంజైల్ ఎసిటేట్ తీపీ లినాలూల్ చల్లదనం, దానికి తోడుగా ఉన్నంతసేపే అది అందం.

అందుకే నా పద్ధతి రెండు ముక్కలుగా ఉంటుంది. మొగ్గల్ని సాయంత్రం కోసి తొడిమలు తీసేసి, తడి లేకుండా ఒక పళ్ళెంలో పరిచి వదిలేస్తాను. రాత్రి ఎనిమిదిన్నర తొమ్మిది మధ్య విచ్చుకోవడం మొదలవుతుంది, పూర్తిగా విచ్చి గదిలో వాసన తెలిసే వేళకి సగం పువ్వుల్ని వోడ్కాలోకి, సగం నీళ్ళ మీదికి. 200 మిల్లీలీటర్ల వోడ్కాకి రెండు గుప్పిళ్ళు విచ్చిన పువ్వులు, అవి మునిగేలాగా ఒక చిన్న స్పూను అడ్డం పెట్టి, మూత బిగించి, గంట. గంట కాగానే ఒకసారి రుచి చూడండి, చాలకపోతే ఇంకో అరగంట, అంతే, వడకట్టేయాలి, పువ్వుల్ని పిండకూడదు, పిండితే ఆ చేదంతా దిగుతుంది. ఇంకా గట్టిగా కావాలంటే అవే పువ్వుల్ని ఎక్కువసేపు ఉంచడం కాదు, మర్నాడు రాత్రి అదే వోడ్కాలో కొత్త పువ్వులు వెయ్యాలి, ఫూజౌ వాళ్ళు చేసినట్టు. రెండో సగాన్ని ఒక వెడల్పాటి గిన్నెలో, కాచి చల్లార్చిన నీళ్ళు 100 మిల్లీలీటర్లు పోసి వాటి మీద తేలేసి మూత పెట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దునకి మల్లె నీళ్ళు తయారు. ఆ నీళ్ళలో 100 గ్రాముల చక్కెర పొయ్యి ఎక్కించకుండా కలిపితే మల్లె సిరప్ అన్నమాట, వేడి చేస్తే రాత్రంతా పట్టిందంతా ఆవిరితో పోతుంది. వోడ్కా లాగేది వేరు, నీళ్ళు పీల్చేది వేరు, ఆల్కహాల్ బరువైన వాసనల్ని కూడా లాగేస్తుంది, నీళ్ళలోకి తేలికైనవి మాత్రమే వస్తాయి, రెండూ గ్లాసులో కలిసినప్పుడే పువ్వు పూర్తిగా కనబడుతుంది.

ఒక ముఖ్యమైన సంగతి, దీని మీద నేను రాజీ పడను. పూల మార్కెట్లో కొన్న మల్లెలు దీనికి పనికిరావు. హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నాకు చాలా ఇష్టమైన చోటు, తెల్లారుజామున ఆ గుట్టలు చూస్తే కడుపు నిండిపోతుంది, కానీ ఆ పువ్వులు తలకీ దేవుడికీ పండించినవి, తినడానికి కాదు. మల్లె తోటకి మొగ్గ తొలిచే పురుగు పెద్ద శత్రువు, దానికి రైతులు మందు కొట్టక తప్పదు, తినే పంట కాదు కాబట్టి కోతకి ముందు ఎన్ని రోజులు ఆగాలన్న పట్టింపూ ఉండదు. ఆ మందు నీళ్ళతో కడిగితే పోతుందనుకోవద్దు, పైగా వోడ్కాలో వేస్తే నీళ్ళకి కరగనివి కూడా కరుగుతాయి. ఇంట్లో కుండీలో పెంచిన చెట్టుదే కావాలి. గుండుమల్లె అంటు ఏ నర్సరీలోనైనా దొరుకుతుంది, కడియం వైపు నుంచి అన్ని ఊళ్ళకీ వస్తాయి, ఎండ బాగా తగిలే చోట పెట్టి చలికాలం చివర కొమ్మలు కత్తిరించి నీళ్ళు పెంచితే ఫిబ్రవరి మార్చి నుంచి పూస్తుంది, నర్సరీలో కొట్టిన మందు ఉంటుంది కాబట్టి తెచ్చిన కొత్తలో పూసినవాటిని వాడకండి. రెండు మూడు కుండీలుంటే వారానికి ఒకసారి ఒక సీసాకి సరిపడా వస్తాయి.

ఇంకొకటి, వాసన బావుంది కదా అని కనబడ్డ పువ్వల్లా వెయ్యకండి. నైట్ క్వీన్ అని మనవాళ్ళు పిలిచే రాత్రిరాణి విషం. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఇవి ప్రాణాంతకం, గ్లాసు మీద అలంకారానికి కూడా వద్దు. మల్లె అంటే గుండుమల్లె, దాని అన్నదమ్ములు, అంతవరకే.

ఇప్పుడు వోడ్కా ఎందుకు అనే ప్రశ్న. కాక్‌టెయిళ్ళ గురించి సీరియస్‌గా ఆలోచించేవాళ్ళలో చాలామందికి వోడ్కా అంటే చిన్నచూపు, దానికి రుచే లేదు, జిన్ వాడొచ్చు కదా అంటారు. సవర్ పుట్టినప్పుడు వోడ్కా లేదన్నదీ నిజమే, 1862లో న్యూయార్క్ బార్‌టెండర్ జెర్రీ థామస్ అచ్చేయించిన సవర్‌లలో బ్రాందీ, జిన్, రమ్ము ఉంటాయి, అమెరికాలో వోడ్కా వ్యాపించింది 20వ శతాబ్దం మధ్యలో. కానీ పువ్వు విషయంలో మాత్రం నేను వోడ్కా వైపే. జిన్‌లో జునిపర్ కాయలు, ధనియాలు, నిమ్మ తొక్క ముందే కూర్చుని ఉంటాయి, వాటి మధ్యలోకి మల్లె వెళ్తే నలుగురిలో ఒకటైపోతుంది. విస్కీ, రమ్ము ఐతే చెప్పక్కర్లేదు. వోడ్కా ఖాళీ ఇల్లు, వచ్చినవాళ్ళదే ఇల్లు. ఖరీదైనది అక్కర్లేదు, అలాగని మరీ ఘాటుగా గొంతు పట్టేదీ వద్దు, ఫ్లేవర్ కలిపినవి అస్సలు వద్దు. మన దగ్గర అమ్మే సీసాల మీద చాలావాటికి 42.8 శాతం అని ఉంటుంది, యూరప్‌లో వోడ్కాకి కనీసం 37.5 ఉంటే చాలు, మనది కాస్త గట్టిదే, వాసన లాగడానికి అది మంచిదే.

ఐతే తాగేటప్పుడు అదే గట్టితనం అడ్డం. ఆల్కహాల్ వాసన పదార్థాల్ని తనలో పట్టుకుని ఉంచుతుంది, నీళ్ళు చేరి పలచబడే కొద్దీ వాటిని వదిలేస్తుంది, అందుకే మల్లె వోడ్కాని ఊరికే గ్లాసులో వాసన చూస్తే స్పిరిట్ ఘాటే ముందొస్తుంది, ఒక స్పూను నీళ్ళు కలిపితే ఒక్కసారిగా పువ్వు లేస్తుంది. చేసి చూడండి, రెండు నిమిషాల పని. కాబట్టి 60 మిల్లీలీటర్లు పోసే బార్ లెక్క దీనికి వద్దు, 45 చాలు. 60 మిల్లీలీటర్ల 42.8 శాతం వోడ్కాలో అసలు ఆల్కహాల్ సుమారు 20 గ్రాములు, అంటే 10 గ్రాముల లెక్కన రెండు యూనిట్లు, 45లో ఐతే 15 గ్రాములు. తీపీ పులుపూ కలిసిన డ్రింకులో మందు తెలీదు, జ్యూస్‌లా గడగడా తాగేస్తారు, ఇది మీరు ఇంకొకరికి చేసి ఇస్తున్నప్పుడు ఎంత పోశారో చెప్పి ఇవ్వండి, తాగి బండి తీసే వాళ్ళకి అసలు ఇవ్వకండి.

నిమ్మకాయ దగ్గర చాలామంది చూసుకోకుండా వెళ్ళిపోతారు. సవర్ వంటకాలన్నీ లెమన్ అంటాయి, అది పసుపురంగు పెద్దకాయ, మందమైన తొక్క, మెత్తటి పులుపు. మన నిమ్మ చిన్నది, పల్చటి తొక్క, వాసన ఘాటు ఎక్కువ. గూడూరు, తెనాలి మార్కెట్ల నుంచి దేశమంతా వెళ్ళే కాయ ఇదే. పులుపు మోతాదులో రెండూ దగ్గర దగ్గరే, రెండిట్లోనూ సుమారు 6 శాతం ఆమ్లాలుంటాయి, కానీ లెమన్‌ది దాదాపు అంతా సిట్రిక్ యాసిడ్, మన కాయలో దానితో పాటు మాలిక్ యాసిడ్ కూడా ఉంటుంది, అందుకే మన పులుపు నోట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. సూపర్‌మార్కెట్లో దిగుమతి లెమన్ దొరుకుతుంది కదా అని కొందరు దానికి పోతారు, నాకు మన కాయే నచ్చుతుంది, మల్లెలో ఉన్న లినాలూల్ నిమ్మ తొక్క నూనెలోనూ కాస్త ఉంటుంది, రెండూ ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. కానీ దాన్ని అదుపులో పెట్టాలి, 45 వోడ్కాకి 20 మిల్లీలీటర్లు చాలు, అంటే రసం బాగా ఉన్న కాయ ఒకటి, ఒకటింబావు. అప్పటికప్పుడు పిండాలి, పొద్దున పిండి ఫ్రిజ్‌లో పెట్టిన రసం సాయంత్రానికి చేదెక్కుతుంది, మామూలు షర్బత్‌లో తెలీకపోవచ్చు గానీ మల్లె పక్కన స్పష్టంగా తెలుస్తుంది. గట్టిగా నొక్కి తొక్కలో చేదంతా దింపకండి, గింజలు నలగనివ్వకండి. మల్లెలు విరగబూసే ఏప్రిల్, మే నెలల్లోనే నిమ్మకాయ ధర కూడా మండిపోతుంది, ఆ మాత్రం ఖర్చుకి వెనకాడొద్దు, సీసాలో వచ్చే నిమ్మరసం వాడితే పైన చెప్పిన పనంతా వృథా.

చక్కెర గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తెల్ల చక్కెర గానీ పటికబెల్లం గానీ, అంతే. బెల్లం, తేనె వాడొద్దు, రెండూ మంచివే గానీ రెండిటికీ సొంత గొంతు ఉంది, మల్లెని మాట్లాడనివ్వవు. మల్లె సిరప్ 20 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి మీ నిమ్మకాయ పులుపుని బట్టి ఒక చెంచా అటూ ఇటూ. ఒక్క ఉప్పు కల్లు వేస్తే చేదు అణుగుతుంది.

నురగ దగ్గర నాకూ ఇంట్లో వాళ్ళకీ ఎప్పుడూ వాదన. బార్‌లలో కోడిగుడ్డు తెల్లసొన వేస్తారు, దాని ప్రోటీన్లు గాలిని పట్టుకుని పట్టులాంటి నురగ ఇస్తాయి, పులుపు అంచు కూడా మెత్తబడుతుంది, ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ తెల్లసొనకి తనదైన నీచు వాసన ఉంది, గ్లాసు ఐదు నిమిషాలు ఆగితే అది పైకొస్తుంది, విస్కీ సవర్‌లో పైన వేసే బిట్టర్స్, అంటే చేదు మూలికల సారం, చుక్కలు ఆ వాసనని కప్పుతాయి, మల్లె మీద బిట్టర్స్ వేస్తే మల్లే పోతుంది. పైగా మన దగ్గర కొనే గుడ్లు పాశ్చరైజ్ చేసినవి కావు, పచ్చి తెల్లసొనలో సాల్మొనెల్లా ఉండే అవకాశం ఉంది, గ్లాసులో ఉండే కాస్త ఆల్కహాలూ నిమ్మరసం ఆ కాసేపట్లో దాన్ని చంపేస్తాయనుకోవడం భ్రమ. గర్భిణులకి మందే వద్దు కాబట్టి వాళ్ళ సంగతి అటుంచితే, పెద్దవాళ్ళకీ ఒంట్లో బాలేనివాళ్ళకీ గుడ్డు వేసినది ఇవ్వకూడదు. నేను కాబూలీ శనగలు ఉడకబెట్టిన నీళ్ళు వాడతాను. ఫ్రాన్స్‌లో జోయెల్ రోసెల్ అనే ఆయన 2014లో ఈ నీళ్ళు తెల్లసొనలాగే నురగ పడతాయని చూపించాడు, తర్వాత అక్వాఫాబా అని పేరొచ్చింది. పప్పు ఉడికిన నీళ్ళకి విలువుందని ఉలవచారు తాగే మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఉప్పు లేకుండా ఉడకబెట్టి, ఆ నీళ్ళని ఇంకాస్త మరిగించి చేతికి జిగురు తగిలేలా చిక్కబరిచి చల్లార్చాలి, ఒక గ్లాసుకి 20 మిల్లీలీటర్లు. చల్లారాక శనగ వాసన దాదాపు తెలీదు, నిమ్మరసం తగిలితే అసలు తెలీదు.

షేకర్ లేకపోతే ఏం పర్లేదు, జిమ్‌కి వెళ్ళేవాళ్ళ ప్రోటీన్ షేకర్ ఉంటే అది స్ప్రింగుతో సహా చాలా బాగా పని చేస్తుంది, అదీ లేకపోతే బిగువు మూతున్న వెడల్పు గాజు సీసా. ముందు ఐసు లేకుండా వోడ్కా, నిమ్మరసం, సిరప్, శనగనీళ్ళు అన్నీ పోసి అర నిమిషం గట్టిగా ఆడించాలి, దీన్ని డ్రై షేక్ అంటారు, వెచ్చగా ఉన్నప్పుడే నురగ బాగా లేస్తుంది, లోపల గాలి ఒత్తిడికి మూత ఎగరకుండా చేత్తో పట్టుకోండి. చిన్న కవ్వంతో గిన్నెలో చిలికినా అంతే నురగ వస్తుంది, నిజానికి ఇంకా సన్నగా వస్తుంది. తర్వాత నిండా ఐసు వేసి మళ్ళీ పది పన్నెండు సెకన్లు. ఈ రెండోసారి ఆడించడం చల్లదనానికి మాత్రమే అనుకుంటారు, నీళ్ళు చేరడానికి కూడా, మొదట ఉన్నదానికి మూడో వంతు నుంచి సగం దాకా నీళ్ళు కరిగి చేరతాయి, పైన చెప్పినట్టు ఆ నీళ్ళే పువ్వుని విడుదల చేసేవి. అన్నీ కలిసి గ్లాసులోకి వచ్చేసరికి 13 శాతం దగ్గర ఉంటుంది, ఒక వైన్ అంత.

ఐసు గురించి ఎవరూ మాట్లాడరు. మన ఫ్రీజర్‌లో చేపలుంటాయి, మటన్ ఉంటుంది, కొబ్బరి తురుముంటుంది, మూత లేని ట్రేలో ఐసు వాటన్నిటి వాసనా పీల్చుకుంటుంది. రమ్ము, కోక్‌లో ఆ ఐసు వేసుకుంటే తెలీదు, మల్లె గ్లాసులో ఐతే మొదటి గుక్కలోనే తెలుస్తుంది. మూతున్న డబ్బాలో, శుభ్రమైన నీళ్ళతో, ఆ రోజుకో ముందు రోజుకో పెట్టిన ఐసు వాడండి, ట్రేలోంచి తీసి గిన్నెలో చెమ్మగిల్లే దాకా పెట్టకుండా నేరుగా షేకర్‌లోకి.

టీ వడకట్టే జల్లెడలోంచి చిన్న గ్లాసులోకి వడకట్టండి, గ్లాసులో మళ్ళీ ఐసు వెయ్యొద్దు. గ్లాసుని ఫ్రీజర్‌లో పెట్టమని అన్ని చోట్లా రాస్తారు, నేను వద్దంటాను, మరీ చల్లబడితే వాసన ముడుచుకుపోతుంది, చల్లటి నీళ్ళతో తొలిపి తుడిస్తే చాలు. నురగ మీద విచ్చిన మల్లె ఒక్కటి, అది మింగడానికి కాదు, గ్లాసు ఎత్తినప్పుడు ముక్కుకి ముందు తగలడానికి. పోసిన వెంటనే కాకుండా ఒక నిమిషం ఆగి తాగితే మొదటి గుక్కలో నిమ్మ, తర్వాత మల్లె, మింగాక ఊపిరి వదిలేటప్పుడు మళ్ళీ మల్లె, ఆ చివరిది ఏ సిరప్పూ ఇవ్వలేదు.

దీని మీద నాకు ఎక్కువగా ఎదురైన అభ్యంతరం రుచి గురించి కాదు. "దేవుడికి పెట్టే పువ్వు మందులో వేస్తావా" అని. మా అత్తయ్య కూడా అదే అంది, బాధపడుతూనే అంది, ఆ బాధని నేను కొట్టిపారెయ్యలేను. కానీ ఈ నేల మీద పువ్వుకీ మత్తుకీ ఉన్న చుట్టరికం కొత్తది కాదు. ఆదిలాబాద్ అడవుల్లో గోండులకి ఇప్పపువ్వు తిండి, ఇప్పసారా పెళ్ళికీ చావుకీ పండక్కీ, దేవుడికి ముందు దాన్నే పోస్తారు. ఆయుర్వేదంలో ఆసవాలూ అరిష్టాలూ పులియబెట్టడానికి ధాతకీ పువ్వులు వేస్తారు, మెడికల్ షాపులో కొనుక్కునే ఆ సీసాల్లోనూ ఆల్కహాల్ ఉంటుంది. తాగనివాళ్ళు తాగక్కర్లేదు, వాళ్ళకి అదే మల్లె సిరప్, నిమ్మరసం, శనగనీళ్ళ నురగ, సోడా కలిపి ఇస్తే అత్తయ్య కూడా రెండో గ్లాసు అడిగింది. కానీ తాగేవాళ్ళు తాగేటప్పుడు ఎక్కడిదో లావెండర్ ఎసెన్సు తాగడం గౌరవం, గుమ్మం పక్క కుండీలో పూసింది తాగడం అపచారం అంటే మాత్రం ఒప్పుకోను. ఎవరికైనా అనుమానం ఉంటే, కొన్న వోడ్కాలో పువ్వులు నానబెట్టడం సారా కాయడం కాదు, బట్టీ పెట్టడమే నేరం. మన రెండు రాష్ట్రాల్లోనూ కొనడానికి 21 ఏళ్ళు నిండాలి, అది మర్చిపోకండి.

వడకట్టిన మల్లె వోడ్కా గాజు సీసాలో నిండుగా, గాలి తక్కువ ఉండేలా పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం పది రోజులు బావుంటుంది, తర్వాత ముందుగా ముక్కుకి తగిలే తేలిక వాసనలు పోయి బరువైనవి మిగులుతాయి, కాబట్టి ఒకేసారి లీటరు చేసి పెట్టుకోవద్దు. మల్లె నీళ్ళ సిరప్ రెండు మూడు రోజులే, అందులో ఉడకనిదేదీ ఎక్కువ రోజులు నిలవదు. జులైలో మల్లె తగ్గిపోయాక ఇదే వోడ్కాలో పన్నీరు గులాబీ చేసుకోవచ్చు, ఐతే పద్ధతి తిరగేయాలి, గులాబీ కోశాక ఆగకూడదు, పొద్దున్నే ఎండ పడకముందు కోసి వెంటనే వోడ్కాలో వెయ్యాలి, రేకు అడుగున తెల్లటి భాగం చేదుగా ఉంటుంది కాబట్టి అది తుంచేసి. బొకేల్లో వచ్చే పొడుగు కాడల గులాబీలు మాత్రం ముట్టుకోకండి, వాటిని ఎక్కువ రోజులు నిలబడడానికి పెంచారు, వాసన ఎప్పుడో పోయింది, మందులు మాత్రం నిండా ఉంటాయి.